పొడుగు రాత్రికి ముందు ఒక మధ్యాహ్నం



కిందటి ఏడు స్కాలర్‌షిప్పుల కమిటీ కూర్చున్నప్పుడు టీచర్ల తరఫున నన్నూ పిలిచారు. దరఖాస్తులు చూడడం అయిపోయి చాయ్ తాగుతున్నప్పుడు నా మనసులో మాట ఒకటి బయటపెట్టాను. ఏడాదిలో అతి చిన్న పగలు, అతి పొడుగు రాత్రి వచ్చే డిసెంబరు 21 నాడు మన అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల పిల్లలందరినీ ఒకచోట చేర్చి బొమ్మలు, పాటలు, కాగితం పనులతో ఒక పండుగ చేద్దామన్నాను. ఏ మతం పిల్లలైనా, ఏ బడి పిల్లలైనా, నడవగలిగినా నడవలేకపోయినా రావచ్చు. ఒక పెద్దాయన నవ్వుతూనే అడిగారు: “ఆపా, చలికి వణికేవాడికి దుప్పటి ఇవ్వాలా, పాట వినిపించాలా?”

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లాక చాలా జవాబులు తోచాయి. తరగతిలోనూ నాకు ఎప్పుడూ అంతే, బెల్ కొట్టాకే మంచి ఉదాహరణ గుర్తొస్తుంది. అందుకే సావనీరులో రాయమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

ముందు ఆ రోజు సంగతి చూద్దాం. భూమి తన ఇరుసు మీద సుమారు 23.4 డిగ్రీలు వంగి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. డిసెంబరు 21న, కొన్నేళ్లలో 22న, ఉత్తరార్ధగోళం సూర్యుడికి అన్నిటికన్నా ఎక్కువగా ఎడంగా వాలి ఉంటుంది. హైదరాబాదులో ఆ రోజు పొద్దు పొడిచేది సుమారు 6 గంటల 42 నిమిషాలకు, కుంకేది 5 గంటల 46 నిమిషాలకు. పగలు పదకొండు గంటల పైన నాలుగైదు నిమిషాలు, మిగిలిందంతా రాత్రే. ఇక్కడ మా పిల్లలు ప్రతి ఏడూ ఒక తప్పు చేస్తారు. అతి త్వరగా పొద్దుగూకేది కూడా ఆ రోజేనని రాస్తారు. కాదు. మన ఊళ్లో సూర్యుడు అన్నిటికన్నా ముందుగా అస్తమించేది నవంబరు చివరి వారాల్లో. అన్నిటికన్నా ఆలస్యంగా ఉదయించేది జనవరిలో. రెండూ కలిపి లెక్క వేస్తే పగలు మరీ చిన్నదయ్యేది మాత్రం డిసెంబరు 21నే.

ఉత్తరాయణం అంటే సంక్రాంతి కదా అని అడిగేవాళ్లుంటారు. ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21నే. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట మకర సంక్రాంతి కూడా ఇంచుమించు ఆ రోజుకే వచ్చేది. భూమి ఇరుసు నెమ్మదిగా బొంగరంలా ఊగడం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరిగి, ఇప్పుడు సంక్రాంతి జనవరి 14 లేదా 15కి చేరింది. మన హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి దాదాపు 354 రోజులే. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. 2030లో రెండుసార్లు వస్తుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి. ఈ పొడుగు రాత్రి మాత్రం ఎవరి పంచాంగం ప్రకారమూ ఎవరి సొంతమూ కాదు. అది అందరికీ ఒకేసారి వస్తుంది. నాకు ఆ తేదీ నచ్చడానికి కారణం అదే. దీపావళికి పిలిస్తే కొందరు అతిథులు, ఈద్‌కు పిలిస్తే ఇంకొందరు అతిథులు. డిసెంబరు 21న ఎవరూ అతిథి కారు.

“ఇది సూర్యపూజ అవుతుందా?” అని ఒక తల్లి నన్ను నేరుగా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కాదు తల్లీ అన్నాను. మన నమాజు వేళలు కూడా సూర్యుణ్ణి చూసి లెక్కగట్టినవే, అంతమాత్రాన మనం సూర్యుణ్ణి కొలుస్తున్నట్టు కాదు కదా. ఆ రోజు పిల్లలతో మొదట చేయించాలనుకున్న పని కూడా అలాంటిదే. ఒక మీటరు కర్రను నేలలో నిట్టనిలువుగా పాతాలి. హైదరాబాదులో ఆ రోజు సరైన మధ్యాహ్నం పన్నెండు గంటలకు కాదు, సుమారు 12 గంటల 14 నిమిషాలకు. అప్పుడు నీడ కొలిస్తే దాదాపు 86 సెంటీమీటర్లు వస్తుంది. జూన్ 21న అదే కర్ర నీడ పది పదకొండు సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో అసలు నీడే ఉండదు. ఇక అస్ర్ వేళ ఎప్పుడన్నది ఆ కర్రే చెబుతుంది. మధ్యాహ్నపు నీడకు కర్ర పొడవంత నీడ తోడైనప్పుడని షాఫయీలు, కర్రకు రెండింతలు తోడైనప్పుడని హనఫీలు లెక్క కడతారు. టేపు పట్టుకుని కొలిచిన పిల్లవాడికి ఈ రెండు లెక్కలూ ఒక్క పూటలో అర్థమవుతాయి. పక్కనే నిలబడ్డ హిందూ పిల్లవాడికీ, క్రైస్తవ పిల్లకీ కూడా అర్థమవుతాయి.

21వ తేదీ ఆదివారం కాకపోతే ఏం చెయ్యాలన్న చింత అక్కర్లేదు. ఆ వారమంతా సూర్యుడు దాదాపు కదలకుండా నిలిచినట్టే ఉంటాడు. మూడు రోజులు అటూ ఇటూ అయినా పిల్లల టేపుకు అందేంత తేడా రాదు. దగ్గరి ఆదివారం పెట్టుకోవచ్చు.

ఇలాంటిది ప్రపంచంలో మనమే మొదలుపెట్టబోవడం లేదు. ఇరాన్‌లో ఈ రాత్రిని షబే యల్దా అంటారు. ఇంటిల్లిపాదీ దానిమ్మ, పుచ్చకాయ ముందు పెట్టుకుని హాఫిజ్ కవిత్వం చదువుకుంటూ మేలుకుంటారు. ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల పేరు మీద 2022లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఉర్దూ కవిత్వం చదివేవారికి ఆ మాట కొత్త కాదు, విరహపు రాత్రికి అదే పేరు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో 1990ల నుంచి ఒక కళాసంస్థ ఈ రోజున కాగితపు లాంతర్ల ఊరేగింపు జరుపుతోంది. ఏ మతం వారైనా, ఏ మతమూ లేనివారైనా రావచ్చన్నది వాళ్ల నియమం. చివర్లో ఆ లాంతర్లను సముద్రపు ఒడ్డున కాల్చేస్తారు. ఆ చివరి ముక్క నాకు నచ్చలేదు. పిల్ల చేతులతో చేసింది పిల్ల ఇంటికి వెళ్లాలి.

అంతదూరం ఎందుకు, మన పేటలోనే చూడండి. యూసుఫైన్ దర్గా దగ్గర పెరిగినవాళ్లకు ఆ కథ తెలుసు. 1687లో గోల్కొండ ముట్టడి జరుగుతున్నప్పుడు ఒక రాత్రి గాలివాన వచ్చిందట. డేరాలు ఎగిరిపోయి, దండులో దీపాలన్నీ ఆరిపోయినా ఒక్క డేరాలో మాత్రం దీపం నిలిచిందట. అందులో ఇద్దరు సిపాయిలు ఖురాన్ చదువుకుంటున్నారని చెబుతారు. ఆ ఇద్దరి పేరునే ఆ దర్గా. గురువారం సాయంత్రం అక్కడికి వచ్చేవాళ్లను చూస్తే ఎవరు ఏ మతమో చెప్పలేం. అక్కడి నుంచి అబిడ్స్ వైపు నడిస్తే సెయింట్ జార్జ్ చర్చి, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్. డిసెంబరులో వాటి చుట్టుపక్కల ఇళ్లకు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. అదే నెలలో ధనుర్మాసం ముగ్గులు పడతాయి. అదే నెలలో ధూల్‌పేటలో పతంగులు కట్టేవాళ్లకు క్షణం తీరిక ఉండదు.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. నా ఆలోచన పుట్టింది అక్కడే. పతంగు దేనితో చేస్తారు? వెదురు పుల్ల, పల్చటి కాగితం, మైదా జిగురు. క్రిస్మస్ నక్షత్రం? అదే వెదురు, అదే కాగితం, అదే జిగురు. మన ఇళ్లలో షబే బరాత్‌కు పిల్లలు చేసే ఖందీల్? అదే. ఒక పుల్ల నిలువుగా పెట్టి ఇంకొకటి విల్లులా వంచితే పతంగు. పుల్లల్ని ముక్కోణాలుగా కట్టి ఒకదాని మీద ఒకటి తిప్పి వేస్తే నక్షత్రం. నాలుగు నిలువు పుల్లలకు పైనా కిందా చదరాలు కడితే ఖందీల్. ఒక్క బల్ల మీద ఒకే సామానుతో ముగ్గురు పిల్లలు మూడు వేర్వేరు వస్తువులు చేయవచ్చు. ముడి వేయడం రాని పిల్ల పక్క పిల్లను అడుగుతుంది. మత సామరస్యం మీద నేను ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాయించాను, మార్కులు వేశాను. వాటన్నిటికన్నా ఆ బల్ల దగ్గర “కాస్త ఈ పుల్ల పట్టుకో” అనే మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ముగ్గు కూడా అలాంటిదే. చుక్కలు లెక్కగా పెట్టి గీతలు కలపడం, మన మసీదుల జాలీల మీద, బాద్షాహీ అషూర్‌ఖానా రంగు పెంకుల మీద కనిపించే నక్షత్రపు అల్లికలు గీయడం, రెండింటికీ మూలం ఒకే లెక్క. ప్రాణుల బొమ్మలు గీయకూడదనుకునే కుటుంబాల పిల్లలు ఈ బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఖుష్‌ఖతీ నేర్పే ఉస్తాదు ఉర్దూ అక్షరాలతో పాటు తెలుగు అక్షరాల వంపులూ కలం ముక్కుతో రాయించగలిగితే నాకు ఇంకా సంతోషం. మన గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్ఖనీలో వసంతం మీద, మృగశిర వానల మీద, చలికాలం మీద కూడా కవితలు రాశాడు. ఈ ఊళ్లో రుతువును పండుగ చేసుకోవడం కొత్త అలవాటు కాదు.

ఇక పాట. వాయిద్యాలు వద్దనే ఇళ్లు మనలో ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను, తక్కినవాళ్లను ఆపను. ఏ గంటకు ఏముందో తెలుగు, ఉర్దూ, హిందీలలో పెద్ద అక్షరాలతో బోర్డు రాసి గేటు దగ్గర పెడితే చాలు. ఎవరి పిల్లను వారు ఎప్పుడు తీసుకురావాలో, ఎప్పుడు తీసుకెళ్లాలో నిర్ణయించుకుంటారు. వేదిక మీద జ్యోతి వెలిగించడం మన సభల్లో మామూలే కానీ, అది పూజలా ఉందని వెనక్కి తగ్గే తల్లిదండ్రులను నేను చూశాను. ఆ సమయంలో వాళ్లు ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తారు. నీడ కొలతతో మొదలుపెడితే ఆ నటన అవసరం లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక బడిలో వార్షికోత్సవం బాధ్యత నాది. కాళ్లకు క్యాలిపర్లు ఉన్న ఒక పిల్ల నెల రోజులు ఒక పాట సాధన చేసింది. గొంతు ఎంత బాగుండేదంటే రిహార్సల్‌లో ఆయా కూడా పని ఆపి వినేది. స్టేజీకి ఐదు మెట్లు. ర్యాంపు సంగతి నాకు తట్టలేదు. ఆ సాయంత్రం ఇద్దరు మగవాళ్లు ఆ పిల్లను కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, పాట మొదలవకముందే. ఆ పిల్ల మైకు ముందు కూర్చుని తల దించుకుంది. పాడలేదు. మళ్లీ ఎత్తి దించారు. నేను దగ్గరికి వెళ్తే, “నన్ను సామానులా మోశారు టీచర్” అంది. మరుసటి ఏడు ఆ పిల్ల పేరు ఇవ్వలేదు.

ర్యాంపు లెక్క తర్వాత నేర్చుకున్నాను. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. మూడడుగుల స్టేజీకి ముప్పై ఆరు అడుగులు. ఏ షామియానా వాడూ అంత ర్యాంపు వెయ్యడు, రెండు చెక్కలు ఆనించి అదే ర్యాంపు అంటాడు. అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. స్టేజీ వద్దు. జంపఖానాలు, బల్లలు, కుర్చీలు, అన్నీ నేల మీదే. పాడేవాళ్ల చుట్టూ గుండ్రంగా కూర్చుందాం. స్టేజీ లేకపోతే దండలు వేయించుకునే కుర్చీలూ ఉండవు. ఆ లాభం సంగతి నేను ఎక్కువ మాట్లాడను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అన్నిటికీ ఒక్క పూటలో ఏర్పాటు చేయలేం కానీ కొన్ని సులువే. వినలేని పిల్లల కోసం సైగల భాష తెలిసిన ఒకరు కావాలి, వారికి తగిన రుసుము ఇవ్వాలి. చూడలేని పిల్లలకు తాకి తెలుసుకునే బల్ల ఒకటి పెట్టాలి. నిర్మల్ కొయ్యబొమ్మ నునుపు వేలికి తెలుస్తుంది, తడి మట్టి తెలుస్తుంది. చప్పుడు భరించలేని పిల్లలకు లౌడ్‌స్పీకరుకు దూరంగా ఒక నిశ్శబ్దపు గది కావాలి. అక్కడ ఒక టీచరు ఊరికే కూర్చుని ఉండాలి, మాట్లాడాల్సిన పని లేదు.

చోటు విషయంలో మన పేట అదృష్టం పెద్దది. బాగే ఆమ్‌లో పిల్లలకు సంగీతం, నాట్యం, చిత్రలేఖనం నేర్పే జవహర్ బాలభవన్ ఉంది. బహిరంగ సభలకు లలితకళాతోరణం ఉంది. నమాజుకు నడిచే దూరంలో షాహీ మసీదు ఉంది. నాంపల్లి, అసెంబ్లీ మెట్రో స్టేషన్లకు లిఫ్టులున్నాయి. ప్రభుత్వ స్థలమైతే అనుమతుల కోసం అక్టోబరులోనే తిరగాలి. అది కుదరకపోతే పెద్ద ఆవరణ ఉన్న బడి ఏదైనా చాలు. ఎంచుకునే ముందు ఒక్కటి చూడండి, టాయిలెట్. దాని తలుపులో చక్రాల కుర్చీ పట్టకపోతే తక్కిన ఏర్పాట్లన్నీ వృథా.

వేళ పదకొండున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించాలి. పన్నెండుంపావుకు నీడ, జుహర్, భోజనం. తర్వాత బల్లల దగ్గర పనులు, అస్ర్ విరామం, పాటలు. మగ్రిబ్ కాగానే చీకట్లో పిల్లలందరూ తమ ఖందీళ్లు, నక్షత్రాలు వెలిగిస్తారు. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్న నిబంధన మన దాకా రాదు. రాత్రి సభ పెట్టామా, బస్తీ ఆడపిల్లలు తొమ్మిదింటికి ముందే లేచి వెళ్లిపోతారు. చివర ఉండేది మగపిల్లలే. కొవ్వొత్తి ఒక్కటి కూడా వద్దు, చిన్న బ్యాటరీ దీపాలే. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో లేచిన మంటలు ఈ పేట ఇంకా మరవలేదు. భోజనం అందరూ తినగలిగేది, ఖిచ్డీ, ఖట్టా, నువ్వుల ఉండలు. మాంసం లేదని ఒక పూట ఎవరూ అలగరు. అలిగితే నేను బతిమాలతాను.

డబ్బు దగ్గరికి వస్తే, మొదటి మాట: ఇందులో జకాత్ పైసా ఒక్కటి కూడా కలవకూడదు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, పండుగలు అందులో లేవు. స్కాలర్‌షిప్పుల కోసం ఇచ్చిన సొమ్మూ అంతే, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే. దీనికి వేరే ఖాతా, వేరే రసీదు పుస్తకం ఉండాలి. సదఖాగా, ఇష్టపూర్వకంగా ఇచ్చేవారిదే తీసుకోవాలి. ఖర్చులో పెద్ద వాటా రానుపోను ఆటోలకు, సైగల భాష వారికి, కళాకారుల కూలికి పోవాలి. దక్ఖనీ ఢోలక్ పాటలు పాడే బస్తీ ఆడవాళ్లకు, పతంగులు కట్టే ధూల్‌పేట కారిగర్లకు ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. “పిల్లల కోసం కదా, ఊరికే రండి” అనకూడదు. ఆ నెల వాళ్ల సీజను.

అసలు ఇలాంటి దానికి డబ్బు పెట్టడం దండగా అని అడిగేవారికి నాంపల్లి నేలే జవాబు చెబుతుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు రాష్ట్రంలో ఒక ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. డబ్బు లేదు. స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెట్టి కూడబెడదామని బాగే ఆమ్‌లో పది రోజులు, సుమారు వంద దుకాణాలతో నుమాయిష్ మొదలుపెట్టారు. ఏడో నిజాం వచ్చి ప్రారంభించారు. 1946లో అది ఇప్పటి మైదానానికి వచ్చింది. ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి నెలన్నర జరుగుతుంది, ముషాయిరాతో సహా. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. అక్కడ చదువుకున్న ఆడపిల్లలు మన సొసైటీ దాతల్లోనూ ఉన్నారు. చలికాలపు సరదాగా మొదలైంది కాలేజీ అయింది. మన చిన్న పండుగ అంత పని చేస్తుందని నేను అనను. కానీ సరదా వేరు, సాయం వేరు అని ఈ పేటలో నిలబడి చెప్పడం కష్టం.

ఇక దుప్పట్లు. పెద్దాయన చెప్పింది నిజమే. నాంపల్లి స్టేషను బయట, అబిడ్స్ దుకాణాల అరుగుల మీద ఆ రాత్రి పదమూడు గంటలు పడుకునేవాళ్లున్నారు. దుప్పట్లు ఇవ్వాలి, పండుగకు ముందే ఇవ్వాలి, డిసెంబరు మొదటి వారంలోనే. చలి 21వ తేదీ దాకా ఆగదు. నా మనవి రెండే. దుప్పటి అందుకునేవారి ఫోటో తీయవద్దు. నా తరగతిలో ఒక పిల్లవాడు సావనీరులో తన తల్లి దుప్పటి పట్టుకున్న ఫోటో చూసి వారం రోజులు బడికి రాలేదు. ఆ సావనీరు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. రెండోది, దుప్పటితో పాటు ఆ ఇంటి పిల్లలకు పండుగ చీటీ కూడా ఇవ్వండి. దాతల పిల్లలకు ఇచ్చేదీ అదే చీటీ కావాలి, అదే రంగు, అదే కాగితం. ఆ రోజు బల్ల దగ్గర ఎవరు దాతల పిల్ల, ఎవరు అరుగు మీది పిల్ల అన్నది మైదా జిగురు అంటిన చేతులు చూసి మీరు చెప్పలేకపోతే పెద్దాయనకు నా జవాబు దొరికినట్టే. ఆయన్నే నీడ కొలిచే కర్ర దగ్గర కూర్చోబెడదామనుకుంటున్నాను. లెక్కలంటే ఆయనకు ఇష్టమని విన్నాను.

ఈ ఏడు చేయాలంటే అక్టోబరులోగా ఒక కమిటీ కావాలి. అందులో సగం మంది ఆడవాళ్లు, కనీసం ఒకరు వైకల్యం ఉన్నవారు, పదో తరగతి పిల్లలు ఇద్దరు ఉండాలి. మన సభ్యులు కానివారిని కూడా పిలవాలి, పక్క చర్చి నుంచి, పక్క గుడి నుంచి. వాళ్లను పిలవాల్సింది కార్యక్రమం ఖరారయ్యాక కాదు, మొదటి మీటింగుకే. వెదురు పుల్లలు ధూల్‌పేటలో నవంబరులోనే కొనాలి, తర్వాత ధర పెరుగుతుంది. కాగితం నాలుగు రంగులు చాలు. ఎక్కువే తెప్పించండి. మిగిలినా పిల్లలు పట్టుకెళ్తారు, సంక్రాంతికి ఇంకా మూడు వారాలేగా.